ఉగ్రవాదుల వేట, ఊళ్ల దిగ్బంధం

ఉగ్రవాదినో, ఆయుధం పట్టిన నేరస్థుడినో పట్టుకోవడానికి పోలీసులు ఒక వీధిని, ఒక పేటను, అరుదుగా ఒక నగరం మొత్తాన్ని చుట్టుముట్టి, రాకపోకలు ఆపి, ఇల్లిల్లూ గాలిస్తారు. పత్రికలు దీన్నే దిగ్బంధం, నాకాబందీ, కార్డన్ సెర్చ్ అని రాస్తాయి. అడవిలో జరిగితే కూంబింగ్ అంటారు. ఇంత బలగాన్ని, ఇంత కట్టడిని ప్రమాదం తీవ్రత సమర్థిస్తుందా, లేక తప్పించుకున్నవాడికన్నా పోలీసులే జనాన్ని ఎక్కువ భయపెడుతున్నారా అన్న ప్రశ్న ప్రతి ఘటన తర్వాతా లేస్తుంది.

తెలుగు ప్రాంతాల్లో గత 20 ఏళ్లలో జరిగిన వేటలను పక్కపక్కన పెడితే ఒక తేడా కనబడుతుంది. పేరు తెలిసిన మనిషి కోసం, ఫలానా ఇల్లని తెలిశాక, కొన్ని గంటలపాటు చుట్టుముడితే జనం ఓర్చుకుంటారు, సాయం కూడా చేస్తారు. ఎవరి కోసమో చెప్పకుండా పేట మొత్తాన్ని తెల్లవారుజామున లేపి ఆధార్ కార్డులు అడిగితే, ఆ పేటవాళ్లందరూ ఆ పూటకు అనుమానితులే. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టడం వల్లే చర్చ పక్కదారి పడుతోంది.

పుత్తూరు, 2013

తెలుగు నేలమీద ఇలాంటి ముట్టడికి బాగా తెలిసిన ఉదాహరణ అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు విరిగిన ఎముకలకు కట్టే కట్టుకు పేరు పడింది. రెండు మూడు రాష్ట్రాల నుంచి జనం రోజూ వచ్చిపోతుంటారు కాబట్టి తమిళం మాట్లాడే కొత్త కుటుంబం అద్దెకు దిగితే ఎవరూ వింతగా చూడరు.

2013 జులైలో తమిళనాడులోని వెల్లూరులో హిందూ మున్నని నాయకుడు వెళ్లయప్పన్, సేలంలో బీజేపీ నాయకుడు, ఆడిటర్ వి. రమేశ్ హత్యకు గురయ్యారు. అంతకుముందు 2011 అక్టోబరు 28న ఎల్.కె. ఆడ్వాణీ రథయాత్ర సాగాల్సిన మదురై జిల్లా దారిలో, ఆలంపట్టి దగ్గర వంతెన కింద పైపు బాంబు దొరికింది. ఈ కేసుల్లో వెతుకుతున్నవారిలో ‘పోలీస్’ ఫక్రుద్దీన్, బిలాల్ మాలిక్, పన్నా ఇస్మాయిల్ ముఖ్యులు. 2013 అక్టోబరు 4న ఫక్రుద్దీన్ చెన్నైలో దొరికాడు. అతన్ని విచారించాక తమిళనాడు పోలీసులు ఆ రాత్రికి రాత్రే పుత్తూరు బయలుదేరారు.

అక్టోబరు 5 తెల్లవారుజామున మేదర వీధిలో మిగతా ఇద్దరూ దాక్కున్న ఇంటి తలుపు దగ్గర జరిగిన పెనుగులాటలో తమిళనాడు ఇన్‌స్పెక్టర్ ఒకరు కత్తిపోట్లతో తీవ్రంగా గాయపడ్డారు. లోపలున్నవాళ్లు తలుపులు బిగించుకున్నారు. ఇంట్లో ఒక మహిళ, ముగ్గురు పిల్లలు కూడా ఉన్నారు, పేలుడు సామగ్రి ఉందన్న సమాచారమూ ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం ఆక్టోపస్ వచ్చింది. వీధి మూసేశారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను దూరం పంపారు. గంటలు గడిచాక మహిళ, పిల్లలు క్షేమంగా బయటికి వచ్చారు. పైకప్పుకు కన్నం వేసి, బాష్పవాయువు వదిలి, చివరికి బిలాల్ మాలిక్, పన్నా ఇస్మాయిల్ ఇద్దరినీ ప్రాణాలతో పట్టుకున్నారు. వాళ్లలో ఒకరికి తూటా గాయమైంది. తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలైన రోజది. అక్కడ లక్షల మంది భక్తులున్నారు.

ఈ ముట్టడి సమంజసమేనా అంటే ఈ వ్యాసం అవుననే చెబుతుంది. ఎవరి కోసమో తెలుసు, ఏ ఇల్లో తెలుసు, ఆయుధాలున్నాయని అప్పటికే రక్తం కళ్లచూసి తెలుసుకున్నారు. కట్టడి ఒక వీధికే పరిమితమైంది, పని పూర్తికాగానే ఎత్తేశారు. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగిన ఓపికే ఆ రోజు అసలు పనితనం. తొందరపడి ఇంటిమీద పడి ఉంటే పుత్తూరును ఇవాళ మరోలా గుర్తుపెట్టుకునేవాళ్లం. అయితే తొలి అడుగులో లోపం లేకపోలేదు. పేలుడు పదార్థాలున్నాయని అనుమానించిన ఇంటికి పూర్తి బలగం, రక్షణ కవచాలు రాకముందే చీకట్లో వెళ్లడంవల్ల ఒక అధికారి ప్రాణాపాయంలో పడ్డారు.

రాయచోటి, 2025

అదే వర్గానికి చెందిన మరో ఇద్దరు దొరకడానికి ఇంకో 12 ఏళ్లు పట్టింది. 1995 నుంచి తప్పించుకు తిరుగుతున్న అబూబకర్ సిద్దిఖ్, 1999 నుంచి దొరకని మహమ్మద్ అలీని తమిళనాడు ఉగ్రవాద నిరోధక దళం అన్నమయ్య జిల్లా రాయచోటిలో అరెస్టు చేసినట్టు 2025 జులై 1న వెల్లడైంది. మారుపేర్లతో, చిన్న వ్యాపారాలు చేసుకుంటూ, పెళ్లాం బిడ్డలతో ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీసులు సోదా చేసినప్పుడు వాళ్ల ఇళ్లలో పేలుడు సామగ్రి బయటపడింది.

ఊరికి ఈ సంగతి తెలిసింది అరెస్టు జరిగాకే. వీధులు మూయలేదు, బడులు మూయలేదు, తుపాకి పేలలేదు. రెండు రాష్ట్రాల పోలీసులు, కేంద్ర నిఘా వర్గాలు పంచుకున్న సమాచారంతోనే పని జరిగింది. ఇన్నేళ్లలో రాయచోటిలో మామూలుగా జరిగిన వాహనాల తనిఖీలేవీ వాళ్లను పట్టించలేకపోయాయి. అద్దె ఒప్పందాలు, గుర్తింపు కార్డులు సక్రమంగా ఉన్నవాడు ఏ నాకాబందీలోనైనా ముందు దాటిపోతాడు. కాగితాలు లేనిది కూలీకి, బిచ్చగాడికి, వలస వచ్చినవాడికి.

నెల్లూరులోనూ ఇదే జరిగింది. 2016 సెప్టెంబరు 12న నెల్లూరు కోర్టు ఆవరణలో పేలుడు జరిగింది, ప్రాణనష్టం లేదు. అదే ఏడాది ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టులో, జూన్ 15న కేరళలోని కొల్లం కలెక్టరేట్‌లో, ఆగస్టు 1న మైసూరు కోర్టులో, నవంబరు 1న మలప్పురం కలెక్టరేట్‌లో ఇలాంటి పేలుళ్లే జరిగాయి. బేస్ మూవ్‌మెంట్ అనే పేరుతో ఈ పని చేసినవాళ్లను జాతీయ దర్యాప్తు సంస్థ తెలంగాణ పోలీసుల సాయంతో నవంబరు చివర్లో మదురైలో పట్టుకుంది. నెల్లూరు బాంబు కేసు తేలింది నెల్లూరు లాడ్జీల్లో కాదు, అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో. మైసూరు కేసులో 2021లో, కొల్లం కేసులో 2024లో శిక్షలు పడ్డాయి.

సూర్యాపేట, ముంబయి

రోడ్డుమీద వాహనాలు ఆపి చూడడం ఎప్పుడూ వృథాయే అనడం మాత్రం అన్యాయం. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో అజ్మల్ కసబ్ ప్రాణాలతో దొరికింది గిర్గావ్ చౌపాటీ దగ్గర పెట్టిన నాకాబందీలోనే. ఫలానా రంగు, ఫలానా కంపెనీ కారులో ఇద్దరు వస్తున్నారని కంట్రోల్ రూము వైర్‌లెస్‌లో చెప్పింది. బారికేడు దగ్గర ఏఎస్ఐ తుకారాం ఓంబ్లే చేతిలో లాఠీతోనే వెళ్లి, తుపాకి గొట్టం పట్టుకుని, తూటాలన్నీ తన ఒంట్లోకి దిగుతున్నా వదల్లేదు. ఆయన ఇచ్చిన ప్రాణం వల్లే ఆ దాడి వెనకున్న కుట్ర అంతా కోర్టు ముందుకు వచ్చింది.

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో జరిగింది ఇందుకు పూర్తిగా భిన్నం. దొంగల ముఠా కోసం బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసులకు ఎదురుపడ్డది మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి 2013 అక్టోబరులో పారిపోయిన, నిషేధిత సంస్థ సిమికి చెందిన ఇద్దరు. వాళ్లెవరో, చేతిలో ఏముందో పోలీసులకు తెలియదు. కాల్పుల్లో ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. నల్లగొండ జిల్లా పల్లెల్లో వేట సాగింది. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరితోపాటు మరో కానిస్టేబుల్ మరణించారు. గాయపడ్డ ఎస్ఐ సిద్ధయ్య కొన్ని రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశారు.

నాకాబందీ మీద విమర్శ చేసేటప్పుడు ఈ పోలీసుల సంగతి మరిచిపోతుంటాం. సమాచారం లేని తనిఖీలో జనానికి ఎంత ఇబ్బందో, చిన్న జీతానికి లాఠీ పట్టుకుని బస్సెక్కే హోంగార్డుకు అంత ప్రమాదం. సూర్యాపేటలో లోటు ధైర్యానిది కాదు. జైలు నుంచి పారిపోయినవాళ్ల ఫొటోలూ వివరాలూ బస్టాండు తనిఖీకి వెళ్లే చివరి మనిషి దాకా చేరి ఉంటే ఆ రాత్రి ఇంకోలా గడిచి ఉండేది.

హైదరాబాద్, వాకపల్లి: భయం మిగిలిన చోట్లు

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు 42 మందిని బలిగొన్నాయి. ఆ తర్వాతి వారాల్లో పాతబస్తీలో, చుట్టుపక్కల పేటల్లో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను మఫ్టీ పోలీసులు ఎత్తుకెళ్లారు. రహస్య చోట్ల ఉంచి చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ విచారించి, ఆ ఫిర్యాదులను బలపరిచే నివేదిక ఇచ్చారు. కేసులు పెట్టినవాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం తర్వాత వాళ్లకు పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఇంత చేసినా నేరం తేలిందా? ఆగస్టు పేలుళ్ల కేసులో 2018 సెప్టెంబరులో శిక్ష పడ్డవాళ్లు ఇండియన్ ముజాహిదీన్‌కు చెందినవారు, ఆ వారాల్లో పాతబస్తీలో ఎత్తుకెళ్లిన కుర్రాళ్లు కారు. మక్కా మసీదు కేసు దర్యాప్తు పూర్తిగా మరో వర్గంవైపు మళ్లింది. 2018 ఏప్రిల్ 16న ఆ నిందితులనూ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. మసీదులో చనిపోయినవారి కుటుంబాలకు నేరస్థుడెవరో ఇప్పటికీ తెలియదు. పాతబస్తీ కుర్రాళ్లు కొందరికి చదువులు, ఉద్యోగాలు పోయాయి. ఒక పేటను పేటగా అనుమానించడంవల్ల జరిగే అసలు నష్టం ఇదే: రేపు నిజంగా అనుమానాస్పదమైనదేదైనా కంటపడితే పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పాల్సిన మనిషే ఆ మెట్లెక్కడానికి జంకుతాడు.

అదే 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లికి మావోయిస్టుల కోసం గ్రేహౌండ్స్ దళం కూంబింగ్‌కు వెళ్లింది. తమపై అత్యాచారం జరిగిందని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. దాదాపు 16 ఏళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులనూ వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపడుతూ, ఆ మహిళలకు పరిహారం ఇప్పించాలని అదే తీర్పులో చెప్పింది. మగవాళ్లు పనులమీద వెళ్లాక సాయుధులు చుట్టుముట్టే ఊళ్లో సాక్షి ఎవరు, పంచనామా ఎవరి ముందు? నగరంలోనైనా అడవిలోనైనా ఈ ప్రశ్నకు జవాబు లేని సోదాను సమంజసమనలేం.

నేరం చేసినవాడిని వదిలి కులాన్ని, పేటను పట్టుకునే అలవాటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్లను బ్రిటిష్ ప్రభుత్వం గుంటూరు జిల్లా స్టువర్టుపురంలో, నెల్లూరు జిల్లా కావలిలో సెటిల్‌మెంట్లు పెట్టి ఉంచింది. హాజరు వేయించుకోవడం, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవడం వాళ్ల నిత్యజీవితం. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ ముద్ర మాత్రం అంత త్వరగా చెరగలేదు.

మామూలైపోయిన నాకాబందీ

2014 తర్వాత హైదరాబాద్‌లో, క్రమంగా రెండు రాష్ట్రాల పట్టణాల్లో, కార్డన్ సెర్చ్ వారం వారం జరిగే కార్యక్రమంగా మారింది. పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది: డీసీపీ లేదా డీఎస్పీ ఆధ్వర్యంలో వందమందికి పైగా పోలీసులు, తెల్లవారుజాము, ఫలానా కాలనీ, పత్రాలు లేని ఇన్ని బైకులు, ఇన్ని ఆటోలు స్వాధీనం. ఉగ్రవాది దొరికాడన్న వాక్యం అందులో అరుదు. ఎంచుకునే కాలనీలు కూడా గేటెడ్ కమ్యూనిటీలు కావు, బస్తీలు. పత్రాలు లేని బైకు కోసం పగటిపూట రోడ్డుమీద తనిఖీ చాలు. దానికోసం పసిపిల్లల్ని నిద్రలేపి మంచాల కింద వెతకడం ఏ కొలతకూ తూగదు.

ఈ కార్యక్రమాలవల్ల జనానికి భరోసా కలుగుతోందని అధికారులు చెబుతుంటారు. పేటలో రౌడీలు తగ్గారని సంతోషించే నివాసులూ ఉన్నారు, వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ ఆ మేలు బీటు కానిస్టేబులు రోజూ తిరిగినా కలుగుతుంది.

చట్టం ఏమంటుంది

కార్డన్ సెర్చ్ అనే పేరుతో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షను లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలో దగ్గరగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. పట్టుకోవాల్సిన మనిషి ఒక ఇంట్లో దూరాడని నమ్మకం ఉంటే పోలీసులు లోపలికి వెళ్లవచ్చని 44వ సెక్షను చెబుతుంది. ఘోషా పాటించే స్త్రీలు ఆ గదిలో ఉంటే, వాళ్లు బయటికి వెళ్లడానికి ముందు వీలు కల్పించాలనీ అదే సెక్షనులో ఉంది. వారంటు లేకుండా సోదా చేయాల్సివస్తే అధికారి కారణాలు ముందే రాసిపెట్టాలి, ఆ ప్రతి 48 గంటల్లో మేజిస్ట్రేటుకు చేరాలి అంటుంది 185. సోదాకు అదే ప్రాంతానికి చెందిన ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలన్నది 103. 105 ప్రకారం సోదా వీడియో తీయాలి. జనం గుమిగూడకుండా ఆంక్షలు పెట్టే పాత 144వ సెక్షను ఇప్పుడు 163 అయింది.

ఈ నిబంధనలన్నింటిలోనూ ఫలానా చోటు, ఫలానా కారణం అన్న ఊహ ఉంది. 300 ఇళ్లకు ఒకే కారణం రాసి సోదా చేయడం ఆ ఊహకు సరిపడదు. సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో, రాత్రివేళ పోలీసులు అనుమానితుడి ఇంటి తలుపు తట్టడానికి వీలిచ్చిన నిబంధనను కొట్టేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2020 జనవరి 10న, కశ్మీరు ఆంక్షలపై అనూరాధా భాసిన్ వేసిన కేసులో, 144 ఉత్తర్వులు ప్రమాదానికి తగినంత మేరకే ఉండాలని, వాటిని ప్రచురించాలని, పదే పదే జారీచేయడం అధికార దుర్వినియోగమని చెప్పింది. కోర్టులు చూసే కొలత ఇదే: లక్ష్యం సరైనదా, ఈ చర్యతో ఆ లక్ష్యం నెరవేరుతుందా, ఇంతకన్నా తక్కువ కట్టడితో పని జరగదా, మేలుకన్నా కీడు ఎక్కువా. పుత్తూరు ఈ నాలుగింటినీ దాటుతుంది. బస్తీ నాకాబందీ రెండో దానిదగ్గరే ఆగిపోతుంది.

బోస్టన్, బ్రసెల్స్

నగరాన్నే మూసేసిన ఉదాహరణలు బయటి దేశాల్లో ఉన్నాయి. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పేలుళ్లలో ముగ్గురు చనిపోయారు. 19న, పారిపోయిన రెండో నిందితుడి కోసం బోస్టన్, వాటర్‌టౌన్ తదితర పట్టణాల ప్రజలను ఇళ్లలోనే ఉండమని గవర్నరు కోరారు. బస్సులు, రైళ్లు ఆగాయి, సుమారు పది లక్షల మంది తలుపులు వేసుకున్నారు. పగలంతా వెతికినా దొరకలేదు. సాయంత్రం ఆంక్ష ఎత్తేశాక ఇంట్లోంచి బయటికి వచ్చిన ఒక నివాసి, పెరట్లోని తన పడవ మీద కప్పిన పట్టా తేడాగా ఉండడం చూసి పోలీసులను పిలిచాడు. నిందితుడు అందులోనే ఉన్నాడు. జనాన్ని లోపల బంధించిన పగలు దొరకనివాడు, జనం బయట తిరగగానే దొరికాడు.

2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత బ్రసెల్స్ నాలుగు రోజులు దాదాపు స్తంభించింది. మెట్రో, బడులు మూశారు, వీధుల్లో సైన్యం తిరిగింది. వాళ్లు వెతికిన పారిస్ దాడుల నిందితుడు సలా అబ్దెస్లాం 2016 మార్చి 18న అదే నగరంలో, తాను పెరిగిన మోలెన్‌బీక్‌లోనే దొరికాడు. మరో నాలుగు రోజులకు అదే ముఠా బ్రసెల్స్ విమానాశ్రయంలో, మెట్రోలో 32 మందిని చంపింది.

అనుమసముద్రంపేటకు ఇది ఎందుకు పట్టాలి

ఇలాంటి గాలింపు ఒక యాత్రాస్థలంలో జరిగితే ఎలా ఉంటుందో చూద్దాం. నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతంలోని అనుమసముద్రంపేట, జనం నోట ఏఎస్ పేట, ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు ప్రసిద్ధి. ముస్లిములూ హిందువులూ కలిసి వస్తారు. తమిళనాడు, కర్ణాటక నుంచీ వస్తారు. గంధం పండగప్పుడు ఊరు పట్టదు. మనసు చెదిరినవాళ్లను కుటుంబాలు తీసుకొచ్చి రోజుల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి, ఇక్కడే ఉంచుతాయి. అంటే రాత్రి ఏ క్షణాన చూసినా కొత్త ముఖాలు, పరాయి భాషలు, గుర్తింపు కార్డు లేని మనుషులు ఉండే ఊరిది.

ఇలాంటి ఊళ్లో రాత్రి తనిఖీ మొదలైతే ముందుగా అనుమానం వచ్చేది పేరు చెప్పలేనివాడిమీద, యూనిఫాం చూసి పరిగెత్తేవాడిమీద. దర్గా నీడలో పడుకున్న రోగులు చాలామంది సరిగ్గా అలాగే ప్రవర్తిస్తారు. ఉనికి దాచుకుంటున్నాడన్న అనుమానంతో మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే నాగరిక్ సురక్షా సంహిత 128వ సెక్షను వాళ్లలో ఎవరికైనా తగిలించవచ్చు. రాయచోటిలో మాదిరి కాగితాలన్నీ పెట్టుకున్నవాడు మాత్రం లాడ్జి రిజిస్టరులో సంతకం పెట్టి హాయిగా నిద్రపోతాడు.

యాత్రాస్థలాలకు రక్షణ అక్కర్లేదని కాదు. మక్కా మసీదు అనుభవం తర్వాత ఏ ప్రార్థనాస్థలానికైనా అది తప్పదు. గంధం రోజుల్లో ప్రవేశ ద్వారాల దగ్గర సంచుల తనిఖీ, కెమెరాలు, లాడ్జీల్లో సక్రమమైన రిజిస్టర్లు ఎవరినీ అవమానించవు. దర్గా ముజావర్లకు, లాడ్జి యజమానులకు, టీకొట్లవాళ్లకు వచ్చినవాళ్లలో ఎవరెవరో తెలిసినంత ఏ దళానికీ తెలియదు. వాళ్లు స్టేషనుకు ఫోను చేసే చనువు ఉండాలి. పేరున్న మనిషి కోసం సోదా చేయాల్సివస్తే చేయాలి. అప్పుడు ఆ ఊరి ఇద్దరు సాక్షులు, మహిళా పోలీసులు, వీడియో, రాతపూర్వక కారణం, రోగులతో మాట్లాడగల వైద్య సిబ్బంది ఒకరు వెంట ఉండాలి. సోదా ముగిశాక ఎందుకు చేశారో, ఏం దొరికిందో మరునాడే ఊరికి చెప్పాలి. ఏమీ దొరక్కపోతే ఆ మాటా చెప్పాలి. విరిగిన తలుపుకు, పోయిన కూలికి పరిహారం ఇచ్చే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రావాల్సి ఉంది.